మూడొందల ఇరవై దగ్గర గీత

మాదాపూర్‌లో ఒక రేడియో పరికరాల కంపెనీ, టెస్ట్ ల్యాబ్. మధ్యాహ్నం రెండున్నర. టీమ్ లీడ్ ఆదర్శ్, టెస్టింగ్ ఇంజనీర్ లీదియా.

“మళ్ళీ చూడు లీదియా. కేబుల్ లూజుగా ఉందేమో.”

“మూడుసార్లు బిగించిన సార్. స్క్రీన్ మీద గీత అక్కడనే ఉంది. మన ఆంప్లిఫయర్ నూట అరవై మెగాహెర్ట్జ్‌ల మాట్లాడితే, మూడొందల ఇరవైల గూడ దాని నకలు వస్తున్నది. లిమిట్ కన్నా పద్దెనిమిది డెసిబెల్స్ మీద.”

“పద్దెనిమిదా! అంటే ఫెయిల్ అన్నమాట.”

“అన్నమాట ఏంది సార్, ఫెయిలే. దీన్ని తీస్కపోయి పడవ రేడియోల పెడితే, ఆ మూడొందల ఇరవైల సాయం అడిగేటోళ్ళ గొంతు మన మోతల వినపడదు.”

“అబ్బా, నాకు పాఠం చెప్పకు. మూడింటికి భీమేశ్వరరావు గారు వచ్చేస్తారు. కస్టమర్ తరఫు ఇన్‌స్పెక్టర్. ఆయన కళ్ళముందు ఇలా వచ్చిందంటే ఆర్డర్ పోయినట్టే. ఏదో ఒకటి చెయ్యి.”

“నేనేం చేస్త సార్? నేను టెస్టింగ్. డిజైన్ మీది గద.”

“ఇప్పుడా మాట ఎందుకు?”

“ఊరికెనే. కరెంటు తక్కువ తినాలె, నకళ్ళు రావొద్దు, రెండూ ఒక్క బోర్డుల ఎట్ల సాధించిన్రో అవార్డు తీస్కుంట స్టేజీ మీద మీరే చెప్పిన్రు. అందుకే అడుగుతున్న. ఆ రాగి పట్టీ అంత పొడుగు ఎందుకు పెట్టిన్రు సార్?”

“ఏ పట్టీ?”

“ట్రాన్సిస్టర్ పక్కన. నకలును పట్టుకొని గ్రౌండ్‌ల కలిపేది.”

“అది... అది సిమ్యులేషన్‌లో అలా వచ్చింది.”

“రాలే సార్. సిమ్యులేషన్ల పొట్టిగ వచ్చింది.”

“చూడు, నువ్వు జూలై అవార్డు సంగతి మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నావు.”

“పెట్టుకోకుంటే ఎట్ల? మా అమ్మ దవాఖానల డ్యూటీ మార్చుకొని, కొత్త చీర కట్టుకొని మూసాపేట నుంచి వచ్చింది. బిడ్డ పేరు పిలుస్తరని ముందు వరుసల కూసున్నది. మీ పేరు పిలిచిన్రు. చప్పట్లు కొట్టమ్మా అని నేనే చెప్పిన ఆమెకు.”

“టీమ్ అందరికీ థాంక్స్ చెప్పాను కదా!”

“చెప్పిన్రు. సోమవారం వచ్చి నన్ను టెస్టింగ్‌ల పడేసిన్రు. కడుపు మండింది సార్. ఇంకా మండుతనే ఉంది.”

“సరే, సరే... ఆగు, నవనీత మేడమ్ ఫోన్. చెప్పండి మేడమ్... లేదు మేడమ్, చిన్న... అవును మేడమ్, ఫెయిలే... రాసి పంపాలా? మూడింటి లోపలా?... అలాగే మేడమ్.”

“ఏమంటున్నరు డైరెక్టర్ మేడమ్?”

“ఈ డిజైన్‌కి బాధ్యులెవరో మెయిల్ పెట్టమంటోంది. ఇప్పుడే... లీదియా.”

“ఆఁ.”

“నిజం మాట్లాడుకుందాం. డిజైన్ నీదే కదా.”

“ఏంది సార్?”

“నీదే. మొత్తం నీదే. అందులో నేను చేసింది ఆవగింజంత లేదు.”

“గిప్పుడు గుర్తొచ్చిందా? వద్దు సార్. నా పేరు రాయకుండ్రి.”

“ఎందుకు వద్దు? పేరు పేరు అని మూడు నెలల నుంచి మొహం ముడుచుకుని తిరుగుతున్నావుగా!”

“పాసైతే మీది, ఫెయిలైతే నాదా?”

“ఏం కాదులే. నీ ఉద్యోగానికి నేను హామీ.”

“మేడమ్ నమ్మదు సార్. పేటెంట్ కాయితాల మీద మీ పేరే ఉన్నది.”

“పొరపాటున పడిందని రాస్తాను. తీసేసి నీ పేరు వెయ్యమని రాస్తాను. చాలా?”

“ఉత్త మాట ఎవలు నమ్ముతరు?”

“నీ నోట్‌బుక్ పేజీలు నా ఫోన్‌లో ఉన్నాయి. నీ చేతిరాత, తేదీలతో సహా. జత చేస్తున్నా.”

“నా నోట్‌బుక్ ఫోటోలు తీసిన్రా? ఎప్పుడు?”

“నువ్వు క్రిస్మస్ సెలవులో ఉన్నప్పుడు. ఇప్పుడదా గొడవ?”

“కాదు సార్. కానియ్యుండ్రి.”

“విను. ‘మేడమ్, ఈ ఆంప్లిఫయర్ డిజైన్ పూర్తిగా లీదియాది. ఆమె నోట్‌బుక్ చూసి కాపీ చేయడం తప్ప ఇందులో నా ఆలోచన ఏదీ లేదు. పేటెంట్ దరఖాస్తులో నా పేరు తీసేసి ఆమె పేరు వేయించండి. కాబట్టి ఈ ఫెయిల్యూర్‌కి...’”

“భీమేశ్వరరావు సారుకు గూడ పోతదా?”

“ఆయనకీ, లీగల్ వాళ్ళకీ కూడా. ఎవరి నిర్వాకమో అందరికీ తెలియాలి.”

“సార్, ఇంకొక్కసారి ఆలోచించుండ్రి. పంపినంక వెనకకు రాదు.”

“ఆలోచించడానికేముంది? నొక్కేశా. పోయింది.”

“మేడమ్ చూసిన్రా?”

“జవాబు కూడా వచ్చేసింది. ‘ఇకనుంచి ఈ డిజైన్ గురించి లీదియాతోనే మాట్లాడతాను’ అంట. ఇక నువ్వూ, మేడమూ పడండి.”

“మంచిది. ఇగ జర పక్కకు జరుగుండ్రి.”

“ఏం చేస్తున్నావ్? ఏమిటది?”

“బోర్డు మీది అల్యూమినియం మూత. ఇన్‌స్పెక్టర్ సారుకు లోపలి పనితనం చూపియ్యాలని పొద్దున మీరే విప్పి బల్ల మీద పెట్టిన్రు.”

“దుమ్ము పడకుండా పెట్టే మూతకీ, దీనికీ ఏమిటి సంబంధం?”

“నెత్తి మీద మూత ఉంటే రాగి పట్టీ పనిజేసే తీరే మారుతది సార్, అందుకే అది సిమ్యులేషన్ కన్న పొడుగున్నది. మూత తీసుడు, పట్టీ జరంత కోసుడు, మళ్ళ మూత బిగించి చూసుడు. నకలు సచ్చేదాక పదకొండు రోజులు అదే పని చేసిన. నోట్‌బుక్‌ల ఆ ముక్క రాయలే. మూత రోజూ నా చేతులనే ఉండె, రాసుడెందుకనుకున్న... నాలుగు స్క్రూలూ అయినయి. ఇప్పుడు చూడుండ్రి.”

“గీత... గీత ఏది?”

“లిమిట్ కింద ఇరవై రెండు.”

“నీకు ముందే తెలుసా? పొద్దుట్నుంచీ తెలుసా? లీదియా, ఆ మెయిల్...”

“మూడవుతున్నది సార్. పోయి భీమేశ్వరరావు సారును తోల్కరాండ్రి. డిజైన్ చేసిన మనిషి పిలుస్తున్నదని చెప్పుండ్రి.”