బండ వెనకాల పిల్ల

కొండల కింద చిన్న ఊరి హైస్కూలు. ఇంగ్లీషు చెప్పే పెయ్ టీచరు గది. మధ్యాహ్నం, పిల్లలంతా బల్లల మీద తలలు వాల్చి కునుకు తీసే వేళ.

"...ఆఖర్న ఇచ్చిన పుట్టగొడుగుల పాఠం నాకే సగం తలకెక్కలేదు తల్లీ. అందులో నాలుక్కి నాలుగూ రైటు పెట్టావు. దాని ముందు ప్రశ్న, ఏడో క్లాసు పిల్లాడు నిద్రలో లేపి అడిగినా చెప్పే ప్రశ్న, అది తప్పా? చెప్పు చ్యావ్ యిన్."

"తొందర్లో పెట్టేశాను టీచర్."

"ఏం తొందర? పావుగంట ముందే పెన్సిలు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నావుట. ఆ రోజు కాపలా ఉన్నాయన చెప్పాడు."

"అయితే జవాబుల కార్డు మీద గడి తప్పి దిద్దుంటాను."

"ప్రశ్నపత్రం మీద కూడా డి చుట్టూనే సున్నా చుట్టావు. ఇదిగో, చూడు. ముందు సి చుట్టూ చుట్టావు. తర్వాత కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దావు. అప్పుడు డి. గడి తప్పిందిట, గడి! నా దగ్గర నీళ్ళు నమలకు."

"సారీ టీచర్."

"నీ సారీ ఎవడిక్కావాలి? క్లాసులో యాభై మందిరా, నలభై తొమ్మిది మంది సి పెట్టారు. పొద్దస్తమానం గుర్రుపెట్టే ఆ లియావ్ గాడు కూడా సి పెట్టాడు. నువ్వొక్కదానివే డి."

"అందరూ పెట్టారని అది రైటయిపోతుందా టీచర్?"

"అవుతుంది. కీలో సి అని ఉంది కాబట్టి అవుతుంది. ఏంటా చూపు? కీ నేను రాయలేదు. నగరంలో కూచుని రాశారు. దిద్దింది మెషీను. దాని కాళ్ళు పట్టుకుందామన్నా దానికి కాళ్ళు లేవు."

"తెలుసు టీచర్."

"ఏం తెలుసు? సోమవారం ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు మారుస్తున్నారు. మన మొదటి సెక్షన్లో సీట్లు యాభై. నీ ర్యాంకు యాభై ఒకటి. నీకూ పై వాడికీ మధ్య ఒక్క మార్కు. ఈ ప్రశ్నకి రెండున్నర. లెక్క నువ్వే చెయ్యి."

"చేశాను."

"చేసి ఇంత చల్లగా ఉన్నావా! ఇందులోంచి జారితే ఖాళీ ఉన్నది పదిహేనో సెక్షన్లోనే, అక్కడ ఏం జరుగుతుందో తెలుసుగా? వెనక బెంచీల్లో పేకాట. ముందు బెంచీల్లో నిద్ర. పోయినేడు ఆ క్లాసు నించి మంచి యూనివర్సిటీకి పోయింది ఒక్కడంటే ఒక్కడు. అసలు యూనివర్సిటీ పరీక్షకింక తొంభై ఏడు రోజులే. ఆ తొంభై ఏడు రోజులూ నువ్వక్కడ కూచుంటే... చెప్పడానికి నాకే నోరు రావట్లేదు."

"గంట కొడతారేమో టీచర్, వెళ్తాను."

"ఇంకా ముప్పావుగంట ఉంది. కూర్చో. క్యాంటీన్‌కి కూడా పోలేదుట, ఈ బన్ను తిను. తిను, నా మొహం చూస్తావేంటి, మొహంలో మార్కుల్లేవు. ఆఁ. ఇప్పుడు ఇద్దరం కలిసి చదువుదాం. తొమ్మిదేళ్ళ కిందట ఎవడో విదేశీ విలేఖరి కొండెక్కుతున్నాడు. పైనున్న హోటలుకి కావడి మీద సరుకు మోసే కూలీ దారిలో కలిశాడు. ఏడువేల మెట్లు, భుజం మీద అరవై కేజీలు. అంతేనా?"

"అంతే."

"ఫొటో తీస్తానన్నాడు విలేఖరి. కూలీ తన ఎనిమిదేళ్ళ కూతుర్ని కూడా రమ్మని పిలిచాడు. ఇక్కణ్ణించి చూడు. సరిగ్గా అప్పుడే తెల్ల చొక్కాల బడిపిల్లలు బారుగా దిగుతున్నారు. తండ్రి రెండుసార్లు పిలిచాడు. పిల్ల బండ వెనక్కి తప్పుకుంది. ఆ పిల్లలు కనుమరుగయ్యాక గానీ బయటికి రాలేదు. ప్రశ్నేంటి? ఎందుకు దాక్కుంది. ఎ, కొత్తవాళ్ళంటే భయం. బి, ఆడుకుంటోంది. సి, తండ్రి చేసే పనికి సిగ్గుపడింది. డి, అలిసిపోయింది. మూడేళ్ళ నించీ నేను గొంతు చించుకుని ఏం చెబుతున్నాను?"

"జవాబు పాఠంలోనే ఉంటుంది. మన సొంత కవిత్వం కలపకూడదు."

"అలసట అన్న మాట పాఠంలో ఎక్కడన్నా ఉందా?"

"లేదు."

"బడిపిల్లలు ఉన్నారా?"

"ఉన్నారు. కానీ వాళ్ళు ఆ పిల్ల బళ్ళోవాళ్ళు కాదు కదా టీచర్."

"అని ఎక్కడ రాసుంది?"

"...రాసి లేదు."

"మరి నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను."

"ఊరికే అనే రకం కాదు నువ్వు. బారుగా దిగే పిల్లలు ఎక్కడివాళ్ళయితే నీకెందుకు?"

"వాళ్ళు పక్క జిల్లా నించి బస్సులో వచ్చారు. టోపీలు కూడా పెట్టుకున్నారు, పచ్చవి."

"టోపీలా? పాఠంలో టోపీల్లేవే."

"లేవా?"

"యిన్. తల పైకెత్తు. ఈ కూలీ పేరేంటి ఇందులో? మిస్టర్ చ్యావ్. నేను... ఉండు, ఉండు. చ్యావ్ అనేవాళ్ళు వందమంది ఉంటారు. ఎడమచేతికి నాలుగే వేళ్ళు అని రాశాడు. మీ నాన్నది... నీ ఫారంలో తండ్రి ఉద్యోగం టూరిజం కంపెనీ అని కదా ఉంది?"

"హోటలు కూడా టూరిజమే కదా టీచర్."

"మీ నాన్నకి ఎడమచేతికి ఎన్ని వేళ్ళే?"

"ఎందుకు టీచర్ అవన్నీ?"

"అడుగుతున్నాను."

"నాలుగు."

"ఓరి దేవుడా. నిన్న క్లాసులో ఈ పాఠంలో పిల్ల గురించి నేను ఏమన్నాను? 'వేలెడంత లేదు, దీని పొగరు చూడండి, కన్నతండ్రంటేనే నామోషీ' అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వారు. నువ్వు రెండో వరసలో కూచునున్నావు."

"నేను కూడా నవ్వాను టీచర్."

"నోర్ముయ్. నా నోరు పడిపోనూ. ముందే చెప్పుండొచ్చు కదే!"

"మీకు తెలీదుగా. ఏం పర్లేదు."

"పర్లేదుట! సరే. ఇప్పుడన్నా నిజం చెప్పు. ఆ రోజు ఏం జరిగింది? ఎందుకు దాక్కున్నావు?"

"అదీ... నాన్నకి అప్పటికే మోకాలు పాడైంది. సరుకు తగ్గితే ఆ మేస్త్రీ పని ఇవ్వడు. అందుకని సెలవల్లో కొంత సరుకు నేను మోసేదాన్ని. చిన్నపిల్ల చేత మోయిస్తున్నాడని తెలిస్తే నాన్నని తీసేస్తారు. ఫొటోలో పడితే తెలిసిపోతుంది. అందుకని వెనక్కి పోయాను. బియ్యం సంచితో."

"ఎనిమిదేళ్ళ పిల్లవి!"

"బాగా అలిసిపోయాను కూడా. అందుకే డి."

"మరి సి చుట్టి ఎందుకు చెరిపావు?"

"కీ అదే అంటుందని తెలుసు కదా. చెయ్యి ముందు దాని మీదకే పోయింది. తర్వాత... పెట్టలేకపోయాను టీచర్. పెన్సిలు కదల్లేదు."

"ఎంత బరువుండేది సంచి?"

"పది... పదిహేను కేజీలు. నీళ్ళ సీసాలు కదా, బరువే."

"ఇందాక బియ్యమన్నావు."

"రెండూ. ఒక్కోసారి ఒక్కోటి."

"హుఁ. సరే, నీకు ఎనిమిదేళ్ళున్నప్పటి మాట, నాకైతే నిన్న పొద్దున్న ఏం తిన్నానో గుర్తులేదు. యిన్! అయితే కీ తప్పే కదే! తప్పున్నర తప్పు! నువ్వు చేసింది రైటు. లోకంలో ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన పిల్ల ఒకతే ఉంది, దానికే సున్నా వేశారు, వీళ్ళ చదువులు మండ!"

"పోన్లెండి టీచర్. జవాబు పాఠంలోనే ఉంటుందని మీరే అన్నారుగా."

"నేను సవాలక్ష అంటాను. విను. కీ మీద అభ్యంతరాలు ఇవాళ మూడింటిదాకా తీసుకుంటారు. పాఠంలో ఉన్న మనిషే కీ తప్పని రాసి సంతకం పెడితే ఆ ప్రశ్న కొట్టేయక చస్తారా? కొట్టేస్తే అందరికీ రెండున్నర ఇవ్వాల్సిందే. సి పెట్టినవాళ్ళకి ఎలాగూ వచ్చాయి. కొత్తగా కలిసేది నీలాంటి వాళ్ళకే. నువ్వు యాభై లోపలికొస్తావు!"

"సంతకం ఎవరు పెట్టాలి?"

"ఇంకెవరు? మీ నాన్న."

"వద్దు టీచర్."

"వద్దేంటి?"

"ఇప్పుడు బరువుతో మెట్ల మీద ఉంటాడు. ఫోన్ తియ్యడు. తీసినా పరధ్యానంలో కాలు జారుతుంది."

"దింపుకుని మాట్లాడతాడు. ఏడువేల మెట్లెక్కే మనిషికి ఫోనెత్తడం ఓ లెక్కా."

"అసలు ఆయనకి ఈ పేపరు సంగతే తెలీదు. తెలియనివ్వకండి."

"తెలీకపోవడమేంటి? పేరెంట్స్ గ్రూపులో పేపరూ కీ రెండూ మొన్నే పెట్టాను."

"నాన్నకి ఇంగ్లీషు రాదు. ఏబీసీడీలు కూడా రావు."

"ఫోన్ దాని మీద పెడితే అదే మన భాషలోకి మార్చి చెబుతుంది కదే. మా అత్తగారు మందుసీసాలన్నీ అలాగే చదువుతోంది."

"చూశాడా? టీచర్, చూశాడా ఆయన? గ్రూపులో ఏమన్నా రాశాడా?"

"రాయలేదు. బొటనవేలు బొమ్మ పెట్టాడు."

"దేని కింద? పేపరు కిందా, కీ కిందా?"

"అదంతా ఎవరు చూశారమ్మా. ఉండు. చూస్తాను. ...కీ కింద."

"టీచర్, ఫోన్ చెయ్యకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. పదిహేనో సెక్షన్‌కే పోతాను. అక్కడ ముందు బెంచీలో కూచుని చదువుకుంటాను. నా మానాన నేను చదువుకుంటాను."

"పిచ్చిదానా, ఆ క్లాసులో పుస్తకం తెరిస్తే వెక్కిరిస్తారు. ఓ చిన్న సంతకానికి జీవితం పాడుచేసుకుంటావా? మీ నాన్న ఆ బరువులన్నీ మోసింది నువ్వు పేకాట చూస్తూ కూచోడానికా? వదులు, ఫోన్ వదులు. రింగవుతోంది."

"స్పీకరు పెట్టకండి."

"పెడతాను. నీ ముందే అడుగుతాను, దాపరికమేంటి. హలో? చ్యావ్ గారేనా? నేను పెయ్ టీచర్‌ని."

"ఆఁ, టీచర్ గారూ! ఉండండి ఉండండి, కావడి దింపనీయండి... హమ్మయ్య. చెప్పండి. యిన్‌యిన్‌కి ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. పక్కనే ఉంది."

"ఏమన్నా తప్పు చేసిందా? చేస్తే నాలుగు తగిలించండి, అడిగేవాడు లేడు. మీ పిల్లే అనుకోండి."

"అదేం లేదు. మిమ్మల్ని ఒక్క మాట అడగాలి. తొమ్మిదేళ్ళ కిందట ఓ విదేశీ విలేఖరి మీతో మాట్లాడాడు, గుర్తుందా?"

"గుర్తులేకేం! గడకర్రలా ఉన్నాడు, ముక్కు ఎండకి మాడి ఎర్రగా అయిపోయింది. నా కావడి ఎత్తి చూస్తానని ఎత్తలేక అక్కడే కూలబడ్డాడు పాపం. ఆ పేపరే కదా మొన్న మీరు పంపించింది? మా వాళ్ళందరికీ చూపించాను టీచర్ గారూ. మన చ్యావ్‌ని పరీక్షలో పెట్టార్రా అని మేస్త్రీ సిగరెట్టు కూడా ఇచ్చాడు."

"నాన్నా, ఫోన్ పెట్టెయ్యి. తర్వాత నేను చేస్తాను."

"నువ్వాగు యిన్. చ్యావ్ గారూ, ఆ రోజు ఫొటో తీసేటప్పుడు మీ అమ్మాయి బండ వెనకాల దాక్కుంది కదా?"

"...ఆఁ."

"ఎందుకు దాక్కుంది?"

"ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది టీచర్ గారూ."

"హలో? వినపడుతోందా?"

"వినపడుతోంది. అది ఏం చెప్పింది టీచర్ గారూ?"

"అది చెప్పింది పక్కన పెట్టండి. మీరు చెప్పాలి, మీ మాటగా రాసుకోవాలి."

"అది ఏం చెబితే నాది కూడా అదే."

"అలా కాదండీ. ఇది మార్కుల సంగతి. ఈ ఒక్క ప్రశ్న వల్ల అమ్మాయి సోమవారం క్లాసు మారిపోతోంది, మంచి క్లాసు నించి చెత్త క్లాసుకి. మీరు సాక్ష్యం చెబితే ఆపొచ్చేమో. ఆపగలనని మాటివ్వలేను. అడిగి చూస్తాను, అంతే నా చేతుల్లో ఉంది."

"క్లాసు మారిపోతోందా? నాకు చెప్పలేదే అది. యిన్‌యిన్, ఉన్నావా?"

"ఉన్నాను నాన్నా."

"ఏ జవాబు పెట్టావు?"

"డి."

"అదేంటి? ఫోన్‌లో జవాబు సి, సిగ్గుపడిందని వచ్చిందే. నువ్వు సి పెట్టుంటావనే అనుకున్నానే, పిచ్చిపిల్లా."

"నాన్నా..."

"సులువైంది కదా, దానికైతే మార్కులొచ్చే ఉంటాయిలే అనుకుని ఊరుకున్నాను."

"చ్యావ్ గారూ, నాకు అయోమయంగా ఉంది. మీరు నిజం చెప్పండి చాలు. ఆ పిల్ల ఎందుకు దాక్కుంది?"

"నిజం నాకు ఆ రోజే తెలుసు టీచర్ గారూ. దాంతో మీకేం పని? మార్కులు ఏ జవాబుకిస్తారో అది చెప్పండి, అదే రాసి సంతకం పెడతాను."