మొండి అనే జన్యువు

గ్రీన్‌హౌస్‌లో ఇద్దరు: పరిశోధనశాల డైరెక్టరు, ఆరేళ్ల కిందట ఆయన వెళ్లగొట్టిన శిష్యురాలు.

“ఎన్ని మొక్కలు, గురువుగారూ?”

“నాలుగు వేలు. అన్నీ టమాటాలే. నాలుగేసి ఆకులు వేసి ఆగిపోయాయి. నువ్వే చూడమ్మా.”

“చూస్తూనే ఉన్నాను. మొవ్వులో మూలకణాలు అయిపోయాయి. ఇక ఆకు రాదు, పువ్వూ రాదు. ఏ జన్యువు తీసేశారు?”

“అదే... మొండి.”

“మొండి తీసేశారా.”

“మొక్కని మొండిగా ఉంచేది అదే కదా. తీసేస్తే ఏపుగా ఎదుగుతుందని...”

“ఎవరు చెప్పారు?”

“నోట్‌బుక్‌లో...”

“ఎవరి నోట్‌బుక్‌లో?”

“ఇప్పుడవన్నీ ఎందుకులే.”

“సరే, వద్దులెండి. జన్యువుకి పేరెలా పెడతాం? అది చెడిపోతే ఏ లోపం వస్తుందో, ఆ లోపం పేరే పెడతాం. మొండి చెడితే మొక్క ఎదగక మొండిదవుతుంది. మూలకణాల్ని నిలబెట్టేదే అది. ‘ఇక చాలు’ అని వాటిని అదుపుచేసేది వేరే ఉంది. కాయలు పెరగాలంటే దాని పట్టు కాస్త సడలించాలి. అదీ ఆ నోట్‌బుక్‌లోనే ఉంది, తర్వాతి పేజీలో.”

“పరిపాలనలో పడి, ప్రయోగాలు ముట్టుకుని ఎన్నేళ్లయిందో.”

“సంతకం పెట్టడం మాత్రం మరిచిపోలేదు.”

“నీ మొండితనం ఇంకా పోలేదు.”

“పోతే ఏమవుతుందో చూశారుగా.”

“ఎత్తిపొడవకమ్మా. రేపు విచారణ కమిటీ వస్తోంది. నా కుర్చీ లాగేస్తారు. అందుకే పిలిచాను. ఆ నోట్‌బుక్ నీదేనని చెప్తాను. నీ పేరే ముందు పెడతాను.”

“అప్పుడు పేరడిగితే ఏమన్నారు?”

“ఏదో అని ఉంటాను.”

“కుండీలకు నీళ్లు పోసినవాళ్లకి పేరెందుకన్నారు.”

“తప్పే. ఇప్పుడిస్తున్నాను కదా.”

“ఇప్పుడా? మొక్కలు చచ్చాకా?”

“పొరపాటు ఇద్దరిదీ అందాం. నీకు పోయేదేముంది?”

“కుదరదండీ. ‘ఈ పని ఆసాంతం నాదే, మరెవరికీ ఇందులో పాత్ర లేదు’ అని మీరు రాసిచ్చిన కాగితం కమిటీ దగ్గరుంది.”

“అది నేను కావాలని రాయలేదు. ఈ ప్రయోగానికి నేను పెట్టిన దరఖాస్తు పరిశీలించినవాడెవడో, పేరు కూడా చెప్పరు, పట్టుబట్టి రాయించాడు. అది ఇస్తే తప్ప అనుమతి లేదన్నాడు... ఆగు. ఆ కాగితం సంగతి నీకెలా తెలుసు?”

“అన్నాడు కాదు, గురువుగారూ. అన్నది.”