కత్తెర ముట్టని పూట

హలో… ఆ, నేనే మేడం. కటింగ్ మాస్టర్‌ని… అదే, మేనేజర్‌ని. ఇంకా నోరు తిరగట్లేదు ఆ మాట.

…ఆ, పైన గాజు గదిలోనే ఉన్నా. దిగలేదు మేడం. మీరు చెప్పినట్టే పొద్దున్నుంచీ ఒక్క మెట్టు కూడా దిగలేదు. పైన కూర్చుని చూడమన్నారు, చూస్తున్నా. …కూర్చోలేదులెండి, నిలబడే ఉన్నా. ఈ చక్రాల కుర్చీకీ నాకూ పడట్లేదు. ఇటు ఒరిగితే అటు పోతుంది, అటు ఒరిగితే ఇటు పోతుంది.

…ఎలా ఉన్నానా? కాలుగాలిన పిల్లిలా ఉన్నా. ఈ గోడ దగ్గర్నించి ఆ గోడ దాకా, ఆ గోడ దగ్గర్నించి ఈ గోడ దాకా. కింద వాళ్ళు మధ్యమధ్యలో తలెత్తి చూస్తున్నారు, ఈయనకేమొచ్చిందా అని.

…చేతులా? వెనక్కి కట్టుకున్నా. …నిజం మేడం. వదిలేస్తే ఎక్కడ అద్దం మీద దబదబా బాదేస్తానో అని భయం.

…బల్ల దగ్గరా? మా మేనకోడలే. ఈ పూట పెత్తనం అంతా తనదే అని మీరూ నేనూ అనుకున్నాంగా. …నాటకశాల వాళ్ళ తెర. పెద్ద తెర కుట్టడం అయిపోయింది. ఇక పైన అడ్డంగా వేలాడే ఝాలరు ఉంది. కింది అంచు వంపులు వంపులుగా ఉంటుంది చూడండి, అది. …ఆ, అదీ వెల్వెట్టే. దానిమ్మ గింజ రంగు. చూస్తే కళ్ళు తిప్పుకోలేరు.

…తను ఎలా ఉందంటే ఏం చెప్పను. మొహం గంటు పెట్టుకుని ఉంది. పొద్దున నేను పలకరిస్తే "ఊఁ" అంది. అంతే. …అవునండీ, ఈ సాయంత్రమే చెప్తానంది. ఇక్కడ ఉంటుందో, వంతెన అవతల పెట్టిన కొత్త కార్ఖానాకి వెళ్తుందో. వాళ్ళు రమ్మని ఒకటే పిలుపులు. నిన్న మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, నా కూతుర్ని ఏం చేశావు? ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకుంటోంది" అని ఏడుపు. నేనేం చేశాను మేడం? పని నేర్పాను! సుద్ద పట్టుకోవడం రాని పిల్లని తీసుకొచ్చి ఇంత దాన్ని చేశాను.

…ఏమందా? మొన్న చెప్పాగా మీకు. మళ్ళీ నా చేత చెప్పించాలని కాకపోతే. …"మామయ్యా, ఆరేళ్ళయింది. కత్తెర ఎప్పుడూ నీ చేతిలోనే ఉంటుంది. నేను సుద్దముక్క దగ్గరే ఆగిపోయాను" అంది. అందరి ముందు. కార్ఖానాలో అడుగు పెడితే మాస్టర్ అని పిలవాలని నేనే పెట్టాను రూలు. ఆ రోజు మామయ్యా అనేసింది. ఎందుకో అదే ఎక్కువ గుచ్చుకుంది నాకు.

…మారడానికి నేను రెడీయే మేడం. నేర్చుకోవడానికేగా ఇన్ని తిప్పలు. మొదటి రోజు ఓనరు మిమ్మల్ని తీసుకొచ్చి, "ఈవిడ మేనేజర్లకి మనుషులతో పని చేయించుకోవడం నేర్పుతారు" అంటే నాకు ఒళ్ళు మండింది, ఇప్పుడు చెప్తున్నా. ఈవిడకి సూదిలో దారం ఎక్కించడం వచ్చా అని అడిగా కూడా. …గుర్తుందా? నవ్వకండి. "రాదండీ, అందుకే మీకు జవాబులు చెప్పలేను, అడగడమే" అన్నారు మీరు. ఆ రోజు నించీ ఒకటే అడగడం. మా ఆవిడ కూడా నన్నిన్ని అడగలేదు పెళ్ళైన దగ్గర్నించీ.

ఆగండి మేడం.

…ఆగండాగండి. అదేం గీస్తోంది?

…సుద్దతో మేడం, ముక్కలు గీస్తోంది. ఒకటి ఇటు తల పెట్టి గీసింది. దాని పక్కది… అటు తల పెట్టి గీస్తోంది. ఎదురూబొదురూ! …ఎందుకేముంది, గుడ్డ కలిసొస్తుంది. ఒకదాని వంపులో ఇంకొకటి సరిగ్గా కూర్చుంటుంది. మామూలు గుడ్డ మీదైతే శభాష్ అనేవాణ్ణి. కానీ అది వెల్వెట్! వెల్వెట్‌కి నూగుంటుంది మేడం. ఆ నూగు ఒక వైపుకే వాలి ఉంటుంది. ఒక ముక్కలో నూగు కిందకీ, పక్క ముక్కలో పైకీ వచ్చిందనుకోండి, దీపాలు పడగానే ఒకటి ఎర్రగా, ఇంకోటి నల్లగా కనపడుతుంది. ఝాలరు కాదు, అతుకుల బొంత అవుతుంది. వంపు కోశాక తిప్పి వాడుకుందామన్నా కుదరదు.

…మీరు లైన్లో ఉండండి, నేను వెళ్ళి ఆపి— …ఏంటి? …ఎవరికైనా దెబ్బ తగులుతుందా అంటే… తగలదు. …బాగు చేసుకోలేని నష్టమా? …ఉండండి, ఆలోచించనివ్వండి. మిగులు గుడ్డలో ఒక్క ముక్కకి చోటుంది. ఒక్కదానికే. రెండోది పోయిందంటే అంతే సంగతులు, ఆ రంగు గుడ్డ ఇంకెక్కడా దొరకదు.

…అయితే? అయితే ఏమిటి మేడం అయితే! ఒకటి పోనిమ్మంటారా? …మీరు పోనిమ్మనలేదు. అడిగారంతే. మీకేం, హాయిగా అడుగుతారు. ఇక్కడ నా ప్రాణం విలవిల్లాడుతోంది.

…పరిగెత్తుకెళ్తే ఏమవుతుందా? కత్తెర లాక్కుంటా. …తర్వాతా? నేనే కోస్తా. నాలాగా ఎవరు కోస్తారు? …ఆ తర్వాత…

…ఆ తర్వాత సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోతుంది. సాయంత్రం దాకా కూడా ఆగదు.

…ఊఁ.

…కోసేసింది.

రెండు ముక్కలూ కోసేసింది మేడం. మీతో మాట్లాడుతుండగానే. …ఎలా ఉందా? అరికాలి మంట నెత్తికెక్కుతోంది. …ఎవరి మీదంటే, మీ మీద! కోపమొస్తే దాచుకోకుండా చెప్పమన్నారుగా, చెప్పేస్తున్నా. బంగారంలాంటి ముక్క. మీ మాట విని ఇక్కడ బొమ్మలా నిలబడ్డాను.

…సరే. సరే. ఊపిరి పీల్చుకుంటున్నా.

…ఇప్పుడా? పొడుగోడు రెండు ముక్కలూ తెచ్చి పక్కపక్కన పరుస్తున్నాడు. …గుడ్డ లాగి పట్టుకునే అతను మేడం, నిచ్చెనంత ఉంటాడు. …పరిచేశాడు. అదిగో! ఇక్కణ్ణించి చూస్తే కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఒకటి దానిమ్మ గింజ, ఒకటి మాడిన బెల్లం. వాళ్ళు దాని ముందే నిలబడ్డారు, ఒక్కళ్ళ మొహంలోనైనా అనుమానం లేదు! మా ఇస్త్రీ పెద్దాయనైతే తలాడిస్తున్నాడు, భేషుగ్గా ఉందన్నట్టు. కళ్ళు లేవా వీళ్ళకి?

…దగ్గర్నించి అంతగా తెలీదనుకోండి. బల్ల పక్కనే నిలబడితే పట్టుకోలేం. …దగ్గరైతే చేత్తో నిమరాలి. ఒక వైపుకి నున్నగా జారుతుంది, రెండో వైపుకి గరుగ్గా అడ్డుపడుతుంది. అంతే, అరచేతికి తెలిసిపోతుంది.

…ఎవరు నిమురుతారా? నేనే. గుడ్డ పరవగానే బల్ల చుట్టూ ఒక తిరుగుడు తిరుగుతా, ఇలా నిమురుకుంటూ. తేడా ఉంటే నేనే తిప్పేస్తా. అలవాటైపోయింది. ఇంట్లో దుప్పటి పరిచినా నిమురుతానని మా ఆవిడ నవ్వుతుంది.

…తెలుసు మేడం వాళ్ళకి. ఇన్నేళ్ళుగా చూస్తున్నారుగా. …చూస్తున్నారు కదా! …ఎందుకు నిమురుతున్నాననుకుంటున్నారా? …



…ఓసారి పొడుగోడు అన్నాడు, "మాస్టరు గుడ్డని బుజ్జగించందే కత్తెర ముట్టరు" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశా. …లేదు. అది కాదురా, ఇదీ సంగతి అని చెప్పలేదు. …బాగుందనిపించింది మేడం ఆ మాట. నాకేదో విద్య ఉన్నట్టు.

…తనా? తను అడిగింది ఓసారి. "ఎదురూబొదురూ పెడితే గుడ్డ మిగులుతుందిగా, ఎందుకు పెట్టనివ్వరు?" అని. …ఏమన్నానా…

…"నేను చెప్పినట్టు చెయ్యి" అన్నా.

…



చెప్పలేదు. ఒక్కళ్ళకి కూడా చెప్పలేదు. దాచుకుందామని కాదు, ఒట్టు. నేనున్నాగా అని. నేను చూసుకుంటాగా అని. …ఆ పిల్ల తెలివి చూడండి, నేను లేని మొదటి పూటే గుడ్డ మిగల్చాలని చూసింది. దాన్ని తప్పెలా పట్టను?

…అమ్మో, మళ్ళీ కత్తెర అందుకుంది. తిరగేసిన ముక్క ఇంకోటి గీయడం కూడా అయిపోయింది! ఏం చెయ్యమంటారు? …ప్రశ్నలొద్దు మేడం, ఈ ఒక్కసారికి జవాబు చెప్పండి, మీకు పుణ్యముంటుంది. …నాకేం కనపడుతోందా? రెండు రంగులు కనపడుతున్నాయి, ఎన్నిసార్లు చెప్పాలి! …వాళ్ళకెందుకు కనపడట్లేదా? వాళ్ళు అక్కడున్నారు కాబట్టి. నేనిక్కడ పైన—

…ఆ.

…ఉండండి. ఫోన్ పెట్టెయ్యకండి. తలుపు తీస్తున్నా.

అమ్మాయ్! …కత్తెర ఆపి ఒక్కసారి పైకి రా. …అందరూ రండి. పెద్దాయనా, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేసి మీరూ రండి. …లేదు, నేను దిగను. మీరే రండి.

మేడం, వస్తున్నారు. కత్తెర బల్ల మీద విసిరినంత పని చేసింది. మొదలెట్టాడ్రా బాబూ అనుకుంటోంది, మొహంలో రాసి ఉంది. …నేనేమనాలి? …తక్కువ మాట్లాడాలి, సరే. అడిగి ఆగాలి, సరే. …ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుంటా, కాస్త ధైర్యంగా ఉంటుంది.

రండి, రండి. ఇలా అద్దం దగ్గర నిలబడండి. …తిట్టడానికి కాదమ్మా. …ఫోన్లో మేడంగారు. …నువ్వు కిందకి చూడు. ఆ కోసిన ముక్కలు రెండూ. ఏం కనపడుతోంది?

…

…

మేడం, ఎంతసేపు ఆగాలి? నోరు దురద పెడుతోంది. …ఊఁ. …ఊఁ.

…ఏమన్నారు పెద్దాయనా? …నల్లగానా? ఏది? …ఆ, ఎడమ చేతి వైపుది.

నువ్వు చూశావా అమ్మా? …అవును, రెండూ ఒకే తానులోవే. …మరి ఎందుకంటావు? …

…తిప్పి గీసినందుకు. ఊఁ. తిప్పితే ఏం మారింది? …నాకేసి చూడకు, గుడ్డకేసి చూడు.

…

మేడం, పట్టుకుంది. తనే పట్టుకుంది!

అవునమ్మా, నూగే. …ఆ, అందుకే నిమిరేది. …బుజ్జగింపూ లేదు, గాడిద గుడ్డూ లేదురా పొడుగోడా. వాలు చూస్తా, అంతే.

…ఏంటమ్మా? …

…అడిగావు. గుర్తుంది నాకు. …నేను చెప్పినట్టు చెయ్యి అన్నా. …అను, పర్లేదు. అందరి ముందే అను. …

…ఆ ముక్క పోవడం నీ తప్పు కాదు. అది నా మీద వేసుకుంటా, ఓనరుకి నేనే చెప్తా. మిగులు గుడ్డలో ఇంకొకటి వస్తుంది, నువ్వే కొయ్యి. …పెద్దాయనా, మీరూ పొడుగోడూ కిందకి వెళ్ళండి. వస్తుంది తను.

మేడం, కళ్ళు తుడుచుకుంటోంది. ఏడుపో కోపమో తెలీట్లేదు, రెండూ ఉన్నట్టున్నాయి. …అడగనా? సాయంత్రం దాకా ఆగాలా? …నా వల్ల కాదు. అడిగేస్తా.

అమ్మాయ్… వెళ్ళిపోతావా? …

…వాళ్ళు మంచివాళ్ళేనని విన్నాను. వెళ్తానంటే నేను అడ్డం పడను. మీ అమ్మకి కూడా నేనే సర్దిచెప్తా. …కానీ వెళ్ళకమ్మా. వారం రోజుల్నించి తిండి సయించట్లేదు నాకు. అత్తయ్యని అడుగు కావాలంటే. …కోసే మనిషి పోతుందని కాదు. నువ్వు పోతావని.

…

…

…ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయా? చెప్పకుండా వదిలేసినవా? …ఏమోనమ్మా. నాకే తెలీదు. చేతికి తెలుసు, నోటికి రావట్లేదు. ఎన్నుంటాయో, ఏమేం ఉంటాయో…

…ఏమన్నావు? …మళ్ళీ ఓసారి అను.

మేడం, విన్నారా? "రేపట్నించి గుడ్డ నిమిరేది నేను, మీరు పక్కన నిలబడి నోటితో చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి" అంటోంది. …రేపట్నించట మేడం! రేపట్నించి అంది!

…హలో?

…మేడం? …హలో?

…ఏం లేదమ్మా. మేడం పెట్టేశారు. …ఊఁ, అడుగు.