స్వభావం గడిలో పెన్సిల్ రాత

అధ్యక్షత వహిస్తున్న గ్రంథాలయాధికారి గారికి, ఇవాళ రిటైరవుతూ, పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని ఎప్పుడు తప్పించుకుందామా అని తలుపు వైపే చూస్తున్న మా పెద్దక్కకి, పక్కన కూర్చుని ఆవిడ పారిపోకుండా కాపలా కాస్తున్న బావగారికి, బైండింగ్ గదిలో ఆవిడతో కలిసి పనిచేసినవాళ్ళకి, శనివారం బల్ల చుట్టూ చేరే మా బృందానికి, ఐదు నిమిషాలు దాటితే ఊరుకోనని ఇంటి దగ్గరే హెచ్చరించి ఇప్పుడు గడియారం చూస్తున్న మా ఆవిడకి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ముప్ఫై ఒక్క ఏళ్ళలో పెద్దక్క ఎన్ని పుస్తకాలకు కుట్టు వేసి బతికించారో నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పారు. నేను పుస్తకాల మనిషిని కాను. బస్సు డిపోలో బ్రేకులు తనిఖీ చేస్తాను. నన్ను ఈ భవనంలోకి లాక్కొచ్చింది, శనివారం మధ్యాహ్నాలు అదే బైండింగ్ గదిలో, జిగురు డబ్బాలు పక్కకు జరిపి ఆవిడ నడిపే ఆట. పోయిన శనివారం, ఆట సామాను పెట్టెలో సర్దుతూ, ఆవిడ నన్నొక మాట అడిగారు. "ఆ వంతెన దగ్గర నిన్ను నేను ఆపి ఉండాల్సిందా?" అన్నారు. పదకొండేళ్ళ కిందటి సంగతి. ఆ బాధ ఆవిడ మనసులో ఇన్నాళ్ళూ ఉందని నాకు తెలియదు. చెప్పులేసుకుని వచ్చేశాను. ఆ జవాబు ఇవాళ చెబుదామనే మైకు అడిగి మరీ తీసుకున్నాను.

ఆట తెలియనివాళ్ళు కంగారు పడకండి. బావగారికే ఇప్పటికీ తెలియదు. (నవ్వులు) ఇందులో గెలుపూ ఓటమీ ఉండవు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఎదురుగా రాక్షసుడున్నాడు, ఏం చేస్తావు అని పెద్దక్క అడుగుతారు. మనం చెబుతాం. అది కుదురుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ప్రతి పాత్రకీ ఒక కాగితం ఉంటుంది. బలమెంత, తెలివెంత, చేతిలో ఏ కత్తి ఉంది, అన్నీ అందులో రాసుకోవాలి. కింద ఒక గడి, స్వభావం అని. మంచివాడో చెడ్డవాడో అక్కడ రాయాలి. మిగతా చోట్ల ఎవరి గడి వాళ్ళే నింపుకుంటారట. పెద్దక్క బల్ల దగ్గర అలా కాదు. ఆ గడి మనం ముట్టుకోకూడదు. ఆట అయ్యాక మన కుడిపక్క మనిషి, మన పాత్ర ఆరోజు ఏం చేసిందో అందులో ఒక్క వాక్యం రాస్తారు. బిరుదులు పనికిరావు, చూసింది రాయాలి. అదీ పెన్సిల్‌తో.

నాకా సంగతి తెలియదు. మొదటి రోజే బాల్‌పెన్ తీసి, "ధర్మాత్ముడు" అని గుండ్రంగా రాసి, డిపో అలవాటు కొద్దీ కింద సంతకం చేసి తేదీ కూడా వేశాను. (నవ్వులు) ఆవిడ కళ్ళజోడు పైకి తోసి చూశారు. "పోనీలే, ఉండనీ. దాని కిందే రాద్దాం" అన్నారు.

అప్పట్లో నా లోకమంతా రెండే మాటలు. పాస్, ఫెయిల్. బస్సయినా అంతే, మనిషయినా అంతే. మా ఆవిడ తల ఊపుతోంది చూడండి. (నవ్వులు)

ఇక ఆ వంతెన సంగతి. ఏటి మీద వంతెన దగ్గర కాపలా ఉన్న ఒక రాక్షసుణ్ణి పట్టుకుని చేతులు కట్టేశాం. దారి చెబితే వదిలేస్తామని మాటిచ్చాం. మాటిచ్చింది నా పాత్రే. వాడు చెప్పాడు. వెంటనే నేను, "వీడి జాతే చెడ్డది, నరికేస్తున్నా" అన్నాను. పెద్దక్క వద్దనలేదు. "కట్లు విప్పి నరుకుతావా, కట్లతోనేనా?" అని అడిగారు. కట్లతోనే అన్నాను. పాచిక అందుకోబోతే నా చెయ్యి ఆపారు.

"పాచిక అక్కర్లేదు నాయనా. కట్టేసినవాడు ఎక్కడికి తప్పించుకుంటాడు? చనిపోయాడు."

నా కుడిపక్కన మా టైలరు చెల్లెమ్మ కూర్చుంటుంది. అదిగో, మూడో వరసలో, నా వైపు చూడకుండా పైట కుట్టు సరిచూసుకుంటోంది. తను నా కాగితం తీసుకుని పెన్సిల్‌తో రాసింది: "మాటిచ్చి, చేతులు కట్టేసి ఉన్నవాణ్ణి చంపాడు." పైన నా బాల్‌పెన్ ధర్మాత్ముడు, కింద ఈ వాక్యం. నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చినవాడు చెడ్డవాడైతే చంపినవాడిది తప్పెలా అవుతుందని వాదించాను. పెన్సిలేగా, చెరిపించండి అని పెద్దక్క మీద పడ్డాను. "రాసిన చెయ్యే చెరపాలి" అన్నారావిడ. చెల్లెమ్మ వైపు తిరిగితే, "నేను చూసింది రాశానన్నయ్యా. చూడలేదని రాయమంటారా?" అంది. కాగితం బల్ల మీద విసిరికొట్టి, కిటికీ అద్దాలు అదిరేలా తలుపు వేసి వచ్చేశాను. నాలుగు నెలలు ఈ వీధిలోకే రాలేదు. ఇంట్లో ముఖం గంటు పెట్టుకుని తిరిగాను.

ఆ తర్వాత నా దవడ పన్ను పుచ్చింది. ఊళ్ళో ఇంతమంది డాక్టర్లుండగా, వేళకి దొరికింది మా బృందంలోని పళ్ళ డాక్టరు గారే. బయట ఇంత పెద్దమనిషి, మా ఆటలో దొంగ. రాజుగారి విందులో చెంచాలు కొట్టేశాడు. (నవ్వులు) నా నోట్లో రెండు చేతులూ పెట్టి, నేను జవాబు చెప్పలేని సమయం చూసి, తాపీగా మొదలుపెట్టాడు.

"మీ వీరుడు ఇంకా ఏటి ఒడ్డునే ఉన్నాడండీ. ప్రతి శనివారం ఆట మొదలుపెట్టే ముందు పెద్దక్క అదే చెబుతారు. వంతెన దగ్గర ఒక మనిషి ఒంటరిగా కూర్చుని ఉన్నాడు, పలకరిస్తారా అని. మేం వెళ్ళి కాసేపు ఆయన పక్కన కూర్చుని వస్తాం. ఏమీ మాట్లాడడు లెండి. మీ కుర్చీ కూడా అక్కడే ఉంది. మొన్నొకాయన కొత్తగా వస్తే, మీ కుర్చీ ఇవ్వకుండా పెద్దక్క స్టూలు తెప్పించారు."

నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఆయన నొప్పనుకుని ఇంకో ఇంజెక్షన్ పొడిచాడు. (నవ్వులు) డాక్టరు గారూ, అది నొప్పి కాదండీ. ఇంజెక్షన్ మాత్రం నొప్పే.

ఆ శనివారం వచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. పెద్దక్క మామూలుగా, "వంతెన దగ్గర ఉన్నావు. ఏం చేస్తావు?" అన్నారు. "చచ్చిపోయినవాడి పేరు కనుక్కుంటాను" అన్నాను. వాడి ఇల్లు వెతకడానికి మాకు ఏడాదిన్నర శనివారాలు పట్టాయి. చివరికి వాడి తల్లి తలుపు తీసింది. ఆ తల్లి గొంతు పెద్దక్కదే. ఆ రోజు ఆ గొంతు వేరేలా ఉంది. జరిగిందంతా చెప్పాను. క్షమించానని ఆవిడ అనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. చాలాసేపటికి నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టి, తలుపు వేసుకుంది. ఆ రోజు చెల్లెమ్మ నా గడిలో, "వెళ్ళి చెప్పాడు" అని రాసింది. పాత వాక్యం చెరపనా అని అడిగింది. వద్దన్నాను. ఇప్పుడూ ఉంది.

చెల్లెమ్మా, ఆ రోజు నీ మీద అరిచాను. పదకొండేళ్ళుగా నీ పక్కనే కూర్చుంటూ, నా గడిలో నీ చేత రాయించుకుంటూ, ఆ ఒక్క మాటా అడగలేకపోయాను. నలుగురి ముందు అరిచాను కనుక నలుగురి ముందే అడుగుతున్నాను. నన్ను క్షమించు. (చప్పట్లు) ఆగండి, ఆగండి, చప్పట్లకి కాదు.

పెద్దక్కా, మీ ప్రశ్నకి వస్తాను. ఆ రోజు మీరు నన్ను ఆపి ఉంటే, వంతెన దాటేవాణ్ణి. మరో శనివారం మరొకణ్ణి నరికేవాణ్ణి. నేను ధర్మాత్ముణ్ణనుకుంటూనే రిటైరయ్యేవాణ్ణి. డిపోలో మెకానిక్కుల గురించి "పనికిరాడు" అని రిపోర్టు రాసే అలవాటు ఆ తర్వాతే మానుకున్నాను. ఏం జరిగిందో అది రాస్తున్నాను, అంతే. మీరు నన్ను ఆపకపోవడం తప్పు కాదు. ఆపకుండా వదిలేసి వెళ్ళిపోయి ఉంటే తప్పు. మీరు వెళ్ళలేదు.

అందరి పాత్రలకీ కాగితాలున్నాయి. కథ చెప్పేవాళ్ళకి మాత్రం ఉండదు. ఇన్నేళ్ళలో మీ గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. ఇవాళ కాగితం తెచ్చాను. మన బల్ల దగ్గర మీ కుడిపక్క కూర్చునేది నేనే కాబట్టి ఆ హక్కు నాదే. బలం, తెలివి, కత్తి ఖాళీగా వదిలేశాను, బావగారు నింపుతారు. (నవ్వులు) కింది గడి నేను రాశాను.

సభ జరిపించినవారికి, ఓపికగా విన్నవారికి, గడియారం చూడడం మానేసిన మా ఆవిడకి కృతజ్ఞతలు. ఇది చదివి సెలవు తీసుకుంటాను. పెన్సిల్‌తోనే రాశాను అక్కా, కానీ రాసిన చెయ్యి చెరపదు.

"నాలుగు నెలలు కుర్చీ తియ్యలేదు."

సెలవు.