కిందికి దిగిన ల్యాబు

సోషల్ మాస్టారు బెంచీ మీద కూర్చున్నారంటే టీ చల్లారుతుంది గానీ కథ చల్లారదు. స్కూలు ఎదురుగా ఉన్న ఆ టీ కొట్టులో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసే వస్తారు. ఆ సోమవారం పొద్దున మాత్రం జిరాక్సు షాపావిడ సరదా కోసం రాలేదు. తన షాపు షట్టరు ఇంకా ఎత్తకుండానే వచ్చి, గ్లాసు పుచ్చుకుని, తాగకుండా నిలబడింది.

ఆవిడ కూతురు పదకొండో తరగతి. చక్రాల కుర్చీలో బడికి వస్తుంది. కెమిస్ట్రీ అంటే ప్రాణం. ల్యాబు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, కాబట్టి సైన్సు మాని కామర్సులో చేరమన్నారు హెడ్మాస్టరు. చాలా మర్యాదగానే అన్నారు. పిల్ల ఇంటికొచ్చి పుస్తకాలు మంచం కిందికి తోసేసింది. అప్పట్నుంచీ ఆ మాటే ఎత్తడం లేదు. ఈ నెలాఖరుకి ఏదో ఒకటి తేలకపోతే కామర్సే.

చదువు అందరికీ సమానంగా అందాలని తిరిగే టీచర్లూ కార్యకర్తలూ ఆదివారం ఒక సభ పెట్టుకుంటున్నారనీ, అక్కడ చెప్పుకుంటే నలుగురూ కలిసి వచ్చి హెడ్మాస్టరుతో మాట్లాడతారనీ ఎవరో చెప్పారు. ఆవిడ వెళ్ళి అడిగింది. వాళ్ళు సరేనన్నారు, అమ్మాయిని తీసుకుని రండి, మీరే చెప్పండి అన్నారు. దాంతో ఆవిడ వెనక్కి తగ్గింది. హెడ్మాస్టరు గదిలోనే ఒక్క ముక్క పెగల్లేదు, సభలో ఏం పెగులుతుంది? సోషల్ మాస్టారు గుండె మీద చెయ్యేసుకుని, నీ తరఫున నేను వెళ్ళి దులిపేసి వస్తానుగా అని మాటిచ్చారు. శుక్రవారం నుంచీ ఏదో తెలియని నంబరు మోగుతోంది. మాట్లాడమంటారేమోనని ఆవిడ ఎత్తలేదు. ఆదివారం ఇల్లు కదల్లేదు.

"ఏమైంది మాస్టారూ?" అని అడిగింది ఇప్పుడు.

ఆయన గ్లాసు పక్కన పెట్టారు. డ్రిల్లు మాస్టారూ, స్కూలు వ్యాను డ్రైవరూ సర్దుకుని కూర్చున్నారు. అప్పుడే భుజాన సంచీతో ఒకావిడ వచ్చి కొట్టతన్ని ఏదో అడగబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, ఒక్క నిమిషం కూర్చోమన్నారు, మంచి ఘట్టం పోతుందన్నారు. ఆవిడ నవ్వి, ఒక టీ చెప్పి, బెంచీ చివర కూర్చుంది.

"నేను పెద్దగా చేసిందేం లేదమ్మా. వెళ్ళాను, వెనక వరసలో ఓ మూల ఒదిగి కూర్చున్నాను, అసలే నాకు మొహమాటం కదా, కానీ స్టేజీ మీద అధ్యక్షులవారు నన్ను చూడనే చూశారు, చూసి లేచి నిలబడ్డారు, ఆయన లేచాడని పక్కాయన, పక్కాయన లేచాడని హాలు హాలంతా, ఎందుకు లేచామో సగం మందికి తెలీనే తెలీదు. ఇంతమందిని లేపినవాణ్ణి నేనే కూర్చోబెట్టాలి కదా? అందుకని వెళ్ళి మైకు పుచ్చుకున్నాను. రెండే రెండు ముక్కలు చెబుదామనుకున్నా."

రెండు ముక్కలంటే ఎంతసేపు సార్ అన్నాడు డ్రైవరు.

"భోజనాల గంట కొడితే, అన్నం వద్దు మాస్టారు కావాలి అన్నారు, అంతసేపు. ఆ మైకు ఉందే, దానికి చెమటలు పట్టాయి. నవ్వకండి, తుడిచి తుడిచి మాట్లాడాను. చివరికి అది చేతులెత్తేసింది. పోతే పోయిందని ఉత్త గొంతుతో అందుకున్నాను. అప్పుడేమైందో చెప్పుకోండి చూద్దాం? కిటికీలు వాటంతటవే తెరుచుకున్నాయి. రోడ్డు మీద బస్సులాగిపోయాయి. వెనక బస్సువాడు హారన్ కూడా కొట్టలేదయ్యా, ఎలా కొడతాడు, వాడు అందరికంటే ముందు దిగొచ్చి మొదటి వరసలో కూర్చుంటే?"

"ఏ రూటు బస్సు సార్?"

"అన్ని రూట్లూ."

జిరాక్సు షాపావిడ గ్లాసు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. మా అమ్మాయి సంగతి చెప్పండని అడిగింది. అక్కడికే వస్తున్నానన్నారాయన. వచ్చారు కూడా. ఆ పిల్ల తెలివి గురించి చెప్పారట, మంచం కింద పుస్తకాల గురించి చెప్పారట. విద్యాశాఖ పెద్దాఫీసరు ఒకాయన ఏడ్చి, రుమాలు పిండుకుని, మళ్ళీ మొదటినుంచి ఏడ్చాడట. ఆయన్ని చూసి అందరూ అందుకునేసరికి హాల్లో కుర్చీలు తేలాయట. తేలిన కుర్చీల్ని ఆవిడ పక్కన పెట్టేసింది. ఆఫీసరు ఏడ్చాడన్న ముక్క మాత్రం ఉంచుకుంది.

"ఇక ఆగుతారా జనం? పదండి స్కూలుకి అన్నారు. ముందు నేను, నా వెనక ఊరు. ఆదివారం కదా, గేటుకి తాళం. నేను దగ్గరికి వెళ్ళి ఊరికే ఇలా చూశానో లేదో, ఊడి కింద పడింది. లోపలికెళ్ళి ల్యాబు కిందే నిలబడి, తలెత్తి, రెండో అంతస్తుతోనే మాట్లాడాను. ఏమ్మా, నువ్వు పైన కూర్చుంటే ఆ పిల్ల గతేమిటి, ఇది న్యాయమేనా అని నెమ్మదిగా నచ్చజెప్పాను. గోడలే గానీ మంచి గోడలు. ఆలోచించుకుని, ఒక్క సీసా పగలకుండా, ఒక్క బీకరు దొర్లకుండా, దిగి వచ్చి కింద కూర్చుంది."

డ్రిల్లు మాస్టారు గడ్డం గోక్కున్నారు. "మరి కింద అంతస్తు?"

"దానికి మర్యాద తెలుసు. పైకి జరిగి చోటిచ్చింది."

అందరి తలలూ రోడ్డు అవతలికి తిరిగాయి. స్కూలు ఎప్పట్లాగే ఉంది. రెండో అంతస్తు కిటికీల్లో ల్యాబు సీసాలు ఎండకి మెరుస్తున్నాయి.

అక్కడే ఉంది కదా సార్ అన్నాడు డ్రైవరు.

"చీకటి పడకముందే నేనే మళ్ళీ పైకి పంపించేశాను. హెడ్మాస్టరు సంతకం లేకుండా ల్యాబు కింద ఉండకూడదయ్యా. రూలు రూలే."

కొట్టతను గరిటె వదిలేసి నవ్వాడు. డ్రిల్లు మాస్టారికి పొలమారింది. జిరాక్సు షాపావిడ ఆ నవ్వులో కలవలేదు. ల్యాబు దిగకపోయినా ఫరవాలేదు, బస్సులు ఆగకపోయినా ఫరవాలేదు. ఇంత కోతలోనూ గింజంత నిజముంటే చాలు.

"హాల్లో మా అమ్మాయి పేరు చెప్పారా మాస్టారూ? అదొక్కటి చెప్పండి."

"చెప్పడమా? హాలంతా ఆ పేరే..."

బెంచీ చివరావిడ గ్లాసు కింద పెట్టింది. "ఆ హాలు ఏ అంతస్తులో ఉందండీ?"

"పైన. బోలెడన్ని మెట్లు. రెండంగల్లో ఎక్కేశాను."

"మెట్లున్నాయనే ఆ హాలు వద్దనుకున్నామండీ. సభ జరగలేదు. వచ్చే ఆదివారానికి మార్చాం."

సోషల్ మాస్టారు చల్లారిన టీ ఎత్తి గడగడా తాగేశారు.

బెంచీ చివరావిడ కాలేజీలో లెక్చరరు, ఆ సభ పెడుతున్నవాళ్ళలో ఒకరు. చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి వస్తుందని తెలిసీ మెట్లున్న హాలు తీసుకోవడం తమ బుద్ధితక్కువేనంది. చూసుకునేసరికి శుక్రవారమైందట. నేల మీద ఉండే గది వెతికి, అందరికీ ఫోన్లు చేశారట. ఒక్కరే ఎత్తలేదట. అందుకే తనే బయల్దేరి వచ్చిందట. జిరాక్సు షాపు ఎక్కడని అడగబోతే మాస్టారు కూర్చోమన్నారు. కూర్చున్నందుకు నష్టమేమీ లేదని కూడా అంది, ఆయన వైపు చూసి.

జిరాక్సు షాపావిడ ఉంచుకున్న ఆ ఒక్క ముక్కా పోయింది. ఆఫీసరు పోయాడు. ఏడ్చినవాళ్ళంతా పోయారు. ఎవరూ ఏమీ వినలేదు, ఎవరూ తన పిల్ల పేరు చెప్పలేదు. తర్వాత మెల్లిగా తెలిసొచ్చింది, జరగనిది ఇంకా చెయ్యిదాటలేదని. ఇంకో సంగతి కూడా. మెట్లున్నాయని బడి తన కూతుర్ని పక్కకి జరగమంది. మెట్లున్నాయని వీళ్ళు సభనే పక్కకి జరిపారు.

"ఫోను ఎత్తకపోవడం నాదే తప్పండీ" అంది. "ఆదివారం వస్తాం. ఇద్దరం."

అక్కడ స్టేజీ ఉండదనీ, మైకు అసలే ఉండదనీ, గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారనీ, ఎవరి మాట వాళ్ళే చెప్పుకుంటారనీ లెక్చరరు చెప్పింది. ఎంతసేపు చెప్పాలని ఆవిడ అడిగింది. ఎంత ఉంటే అంత అంది లెక్చరరు.

ఆవిడ గొంతు సవరించుకుంది. తాగని గ్లాసు బెంచీ మీద పెట్టింది. చెప్పింది.

"మా అమ్మాయి కెమిస్ట్రీ చదువుకుంటానంటోంది. తను మెట్లెక్కలేదు. ల్యాబు కింద పెట్టొచ్చు." లెక్చరరు వైపు చూసింది. "నాకు ఇంతే వచ్చండీ."

"ఇంతే కావాలి" అంది లెక్చరరు.

డ్రిల్లు మాస్టారు తలూపారు. డ్రైవరు ఇంకోసారి స్కూలు వైపు చూశాడు. సోషల్ మాస్టారు ఖాళీ గ్లాసులోకి చూస్తూ, నెమ్మదిగా, "సరిగ్గా ఈ ముక్కే నేనూ చెప్పానమ్మా" అన్నారు.

"ఎప్పుడు మాస్టారూ?" అంది ఆవిడ.