తర్జుమా తప్పయితే

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఫోనెత్తడానికి ఇంకెవరున్నారు తమ్ముడూ.

వందనాలు…

వచ్చింది. నువ్వు పంపిన రాయబారి పొద్దున్నే వచ్చింది. ఇప్పుడు నా మంచం మీద పడుకుని ఉంది. కింది వాటా నర్సు పక్కనే కూర్చుంది, టాక్సీ కోసం చూస్తున్నాం…

సరే. ముందు నీ విషయమే కానీ. టాక్సీ వచ్చేదాకా వింటాను.

చెప్పింది. నువ్వు చెప్పమన్నదాంట్లో ఒక్క ముక్క మర్చిపోలేదు, పాపం. ఇవాళ సాయంత్రం వేదిక మీద నిలబడి, రెండు చేతులూ జోడించి, నిన్నటి స్వస్థత సభలో చేసిన తర్జుమాకి నేను సంఘాన్ని క్షమాపణ అడగాలి. అంతేగా?…

అడుగుతాను…

అవును, అడుగుతాననే అన్నాను. కాకపోతే నేను ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి భాష చెప్పినదాన్ని. తప్పు దిద్దేముందు ఆ తప్పేమిటో చదివి వినిపించాలి. కాబట్టి మీ అతిథి దైవజనులు ఏమన్నారో చెప్తాను, దాన్ని నేను ఎలా చెప్పానో చెప్తాను. క్షమాపణ ఆ తర్వాత…

ఆ వరస కుదరదా?…

గొంతు పెంచకు, నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. నిన్న ఆయన అన్న ప్రతి మాటా విన్నాను. "మందు మింగే చేతిని దేవుడు పట్టుకోడు" అన్నారు. "మందు మింగే చేతిని కూడా దేవుడు పట్టుకుంటాడు" అన్నాను. "మీ మందులు తెచ్చి ఈ పెట్టెలో వెయ్యండి" అన్నారు. "ఇంటికి వెళ్ళి వేళకి వేసుకోండి" అన్నాను. జనం ఆమెన్ అన్నారు. మొదటిరోజు కంటే గట్టిగా అన్నారు. ఆయన కూడా చాలా సంతోషించారు, పెట్టెలోకి తొంగి చూసి, కొత్తగా ఒక్క మందూ పడలేదని తెలిసేదాకా…

ఆయనకి ఎవరు చెప్పారు, మన డ్రమ్ములవాడా?… అనుకున్నాను.

వాడు చేస్తాడు. మొదటిరోజు తర్జుమా వాడే కదా. మాటకి మాట దించేశాడు. ఆయన గంతేస్తే వాడూ గంతేశాడు, ఆయన చేయి విదిలిస్తే వాడూ విదిలించాడు. గొంతు పోగొట్టుకున్నాడు. అందుకని నన్ను పిలిచావు. నన్ను పిలవమని నేను అడగలేదు…

చింత చచ్చినా పులుపు చావలేదంటావా. అను, పరవాలేదు…

ఆ మాట మాత్రం అనకు. నాకు విశ్వాసం లేదనే మాట ఫోన్లో అనకు, అనాలనుంటే ఎదురుగా వచ్చి అను. మీ బావ ఆపరేషన్ గదిలో ఉన్నంతసేపూ నేను బయట మోకాళ్ళ మీద ఉన్నాను. నువ్వూ నా పక్కనే ఉన్నావు. డాక్టర్ని బయటికి పంపించెయ్యమని అడగలేదు నేను. ఆయన చెయ్యి వణక్కూడదని అడిగాను. ఆ ప్రార్థనకి వచ్చిన జవాబు నాతో ఇంకో పదేళ్ళు కాపురం చేసింది…

వాక్యం నాకు చెప్పకు. బైబిల్లో ఆ రాజుగారు పుండు లేచి చావబోతుంటే, ప్రవక్త స్వస్థత ప్రకటించి ఊరుకున్నాడా, అంజూరపు పళ్ళ ముద్ద తెచ్చి కట్టమన్నాడా?… కట్టమన్నాడు. నీకు తెలుసు. ఆదివారపు బడిలో ఆ కథ నీకు చెప్పింది నేనే.

ఇంకొకటి. ఆ పెట్టెలో కళ్ళద్దాలు ఒక్క జత కూడా లేవేం?… వెటకారం కాదు, తెలియక అడుగుతున్నాను. ఆయనవే చాలా మందమైన అద్దాలు… సరే, వదిలేశాను.

పెట్టె ఇప్పుడెక్కడుంది?… నీ ఆఫీసు గదిలోనా. తాళం?…

నీ మందిరం. నీ గది. అందులో నీ భార్య మందు. తాళంచెవి ఆయన దగ్గర.

తమ్ముడూ, కింద హారన్ కొట్టారు. టాక్సీ వచ్చింది. ఇంక నా క్షమాపణ పక్కన పెట్టు. ఇంతసేపు మాట్లాడావు, టాక్సీ ఎందుకని అడుగుతావేమో అని చూశాను. నర్సు ఎందుకని అడుగుతావేమో అని చూశాను. అడగలేదు…

ఇప్పుడు అడిగావు. విను.

మొదటిరోజు అందరికంటే ముందు ఆ పెట్టెలో మందు వేసింది పాస్టరమ్మ. తన ఇన్సులిన్, సూదులతో సహా. "పాస్టరమ్మే వెయ్యకపోతే సంఘం ఎలా వేస్తుంది" అని ఆమెని అడిగిందెవరు?… వినపడలేదు… ఆ. నువ్వే.

పొద్దున నీ మాటలన్నీ నాకు అప్పజెప్పి, కూజాడు నీళ్ళు తాగింది. మళ్ళీ నింపాను, అవీ తాగింది. తర్వాత వాంతులు. నర్సు వచ్చి వేలు పొడిచి చూస్తే ఆ మిషన్లో అంకె రాలేదు. షుగర్ దాని లెక్కకి అందనంత పైకి పోతే, ఎక్కువ ఉందని మాత్రం చూపిస్తుందట. ఇంట్లో ఇంజెక్షన్‌తో తేలే పని కాదు, ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది, ఆసుపత్రిలోనే చేర్చాలి అంది…

చేశాను. నీకు ముందే ఫోన్ చేశాను. డ్రమ్ములవాడు ఎత్తి, ఆ పోయిన గొంతుతోనే, పాస్టర్ గారు దైవజనులతో ఉన్నారు, తర్వాత చెయ్యండి అన్నాడు.

తీసుకెళ్ళడానికి అడ్డమేమీ లేదు, ఆమె తప్ప. రానంటోంది… ఎలా తీసుకెళ్ళమంటావు, మెట్ల మీద ఈడ్చుకుంటూనా? "నేను మందు పుచ్చుకుంటే సంఘంలో ఆయన తలెత్తుకోలేరు వదినా. ఆయన చెప్తే వెళ్తాను" అంటోంది. నర్సు మాట పనికిరాదు, నా మాట అసలే పనికిరాదు. నీ మాట కావాలట. ఒక్క వాక్యం. వెళ్ళు, మందు తీసుకో, అని…

అంతే. చెప్పు.

ఎవరున్నారు నీ పక్కన?… దైవజనులా. భోజనం చేస్తున్నారా. చెయ్యనీ. ఆయనకి మన భాష రాదు కదరా. రాదు కాబట్టే కదా నేను కావలసి వచ్చాను… డ్రమ్ములవాడికి వస్తుందా. వాడికి గొంతు పోయిందన్నావుగా.

నీళ్ళు నమలకు…

ప్రార్థన నేనూ చేస్తాను, దారిలో. దేవుడు ఎక్కడికీ పోడు. టాక్సీవాడు పోతాడు.

…ఏమిటమ్మాయ్? ఆ, మీ ఆయనే. మాట్లాడుతున్నాడు. లేవకు, పడుకో.

విన్నావా ఆ గొంతు? నిన్నే తమ్ముడూ. విన్నావా?…

ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టమంటావా?… వద్దా. నాతోనే చెప్తావా. సరే, నాతోనే చెప్పు. ఆమెకి నేను చెప్తాను. అలవాటైన పనేగా.

…

ఊఁ…

ఊఁ… "దేవుడు ఆమె హృదయానికి ఏది బయలుపరిస్తే అదే చెయ్యమను." ఇదేనా నీ వాక్యం?… దీనికి ఇంకేమైనా కలుపుతావా?… కలపవు.

అమ్మాయ్. ఇటు చూడు. మీ ఆయన నిన్ను ఆసుపత్రికి వెళ్ళమంటున్నాడు. మందు తీసుకోమంటున్నాడు… అవును, ఆయనే. నేనెందుకు కల్పిస్తాను. ఇదిగో, ఫోన్లోనే ఉన్నాడు, మన మాటలు వింటున్నాడు.

తమ్ముడూ, నేను ఆమెకి చెప్పింది విన్నావుగా. తర్జుమా తప్పయితే ఇప్పుడే చెప్పు.

…

ఆమె నా మొహంలోకే చూస్తోంది.

…

లేదమ్మా. తప్పని అనలేదు. ఈ చెయ్యి నా భుజం మీద వెయ్యి, ఆ చెయ్యి నర్సుకివ్వు. వంగకు, చెప్పులు నేను తొడుగుతాను.

సాయంత్రానికి ఇంకెవరినైనా చూసుకో తమ్ముడూ. ఈవిణ్ణి మెట్లు దించడానికి నాకు రెండు చేతులూ కావాలి. పెట్టేస్తున్నాను.