కాగ్నా మీద రేటు

1962, వానాకాలం. తాండూరు చాయ్ హోటల్లో గుర్రప్పందేలు కట్టించుకునే సేటు, బండి కట్టుకొని ఇంటికి బయల్దేరిన రైతు.

“హైదరాబాద్‌ల ఒకటికి ఎనిమిది రేటున్న గుర్రం మూడుకు దిగిందన్నవు. గెలిచిందా సేటూ?”

“గెలిచింది.”

“చెప్పలేదా? రేటు ఊరికె దిగదు. తెలిసినోడెవడో పెడ్తెనే దిగుతది.”

“జంగప్పా, జర కూసో. చాయ్ తాగు.”

“చాయ్ యాడిది? బిడ్డకు జరం. మందు తీస్కొని కాగ్నా వాగు దాటాలె.”

“నువ్వు ఇయ్యాల దాటవని పందెం నడుస్తున్నది.”

“నా మీదనా? నేనేమన్న గుర్రాన్నా?”

“పొద్దుగాల ఒకటికి ఇరవై ఇచ్చిన. ఇప్పుడు రెండుకు దిగింది.”

“ఎవడు పెడ్తున్నడు?”

“గుర్రం మీద గెలిచినోడే. గెలిచిందంత నీ మీదనే పెట్టిండు.”

“నేనెవరో వానికెట్ల ఎరుక?”

“అడిగితె నవ్విండు. పొద్దుగాల వికారాబాద్ రైలు దిగిండు. వాని గొంగడి ఇంకా నీళ్లు కారుతనే ఉన్నది.”

“వాన యాడిది? మబ్బు గూడ లేకపాయె.”

“గిక్కడ లేదు. కాగ్నా పుట్టేది వికారాబాద్ దిక్కే. బండి ఇప్పు జంగప్పా.”

“ఇప్పితె వాడు గెలిచినట్టే గద?”

“ఇప్పకున్నా వాడే గెలుస్తడు.”